అవ్వ లాగిన ముక్కు

మా సాలెవీధిలో పుట్టిన ఏ బిడ్డ ముక్కయినా మా అవ్వ వేళ్ళ మధ్య నలగవలసిందే. కాళ్ళు చాపుకుని కూర్చుని, బిడ్డను ఆ కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, ఒళ్ళంతా ఆముదం రాసి, వేడినీళ్ళు పోసి, ఆఖర్న ముక్కును రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా పైకి లాగేది. తల గుండ్రంగా రావాలని అరచేత్తో అదిమేది. మైదుకూరుకు కాస్త ఎడంగా, కాలువ దగ్గర ఉండేది మా ఊరు. ఇంటింటా మగ్గం, ఇంటింటా చంటిబిడ్డ. అవ్వకు తీరికెక్కడిది? ఎవరి బిడ్డ ముక్కు సూటిగా వచ్చినా అది తన చేతి చలవే అనేది. చప్పిడిగా మిగిలిపోతే మాత్రం తల్లి పోలిక అని తప్పించుకునేది. ఇదేం న్యాయమని నేను అడిగితే చీపురు అందుకునేది.

మా అమ్మ నన్ను కని పురిట్లోనే కన్నుమూసింది. అమ్మను కన్న ఈ అవ్వే మేకపాలలో దూదివత్తి ముంచి నా నోట్లో పిండి నన్ను బతికించింది. తల్లిలేని పసికందులను నిలబెడుతుందని చుట్టుపక్కల ఆమెకు పేరుండేది. ఆ పేరు విని, కాలువ బంగళాలో వంట చేసే ఆయన ఒక పొద్దున గంపలో కుక్కపిల్లను పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. అప్పటికి నాకు తొమ్మిదో పదో ఏళ్ళుంటాయి. దేశం ఇంకా తెల్లవాళ్ళ చేతిలోనే ఉంది. కాలువ చూసుకునే దొర భార్య ఒక బుల్లికుక్కను ఒళ్ళోంచి దించకుండా పెంచేదట. దానికి మూతి అనేదే లేదు, ముఖం అప్పడంలాగా ఉండేదని నేను విన్నాను. ఆ కుక్క ఈని చచ్చిపోయింది. మిగిలిన పిల్ల ఇదొక్కటే.

దీని తండ్రి ఎవరో ఎవరికీ తెలియదు. కడపలో ఇంకో దొర ఇంట్లో ఉన్న అదే జాతి కుక్కేనని దొరసాని ఆశ. బంగళా వెనక ఒక ఊరకుక్క కూడా తిరుగుతుండేదని వంటాయన గొంతు తగ్గించి చెప్పాడు. పెరిగాక ముఖం తల్లిలాగా చప్పిడిగా వస్తే దొరసాని తీసుకుపోతుంది. ఊరకుక్క మూతి వస్తే మేమే ఉంచుకోవచ్చు. అదీ ఒప్పందం.

ఆ పిల్లను చూసిన క్షణం నుంచి నాకు అన్నం సయించలేదు. నాలాగే వత్తి చప్పరిస్తూ నా ఒళ్ళో నిద్రపోయే ప్రాణిని ఎవరికో అప్పజెప్పాలంటే నా వల్ల కాదు. లోకమంతా తమ పిల్లలు అందంగా రావాలని మొక్కుకుంటుంది. నేనొక్కదాన్నే దేవుడా, దీనికి పొడుగాటి మూతి ఇవ్వు అని మొక్కుకున్నాను.

వీధి వీధంతా జోస్యాలు మొదలుపెట్టింది. మగ్గం గుంటలోంచి తలెత్తి మా మామ, తల్లిని చూస్తే చాలు, ఇంకేం చూడాలి అనేశాడు. ఆయనకు దాని మీద కోపం. వీధిలో పడుగు నూలు సాచి గంజి పెడుతుంటే అది కిందనుంచి దూరి పోగులు తెంపింది. పక్కింట్లో ఎద్దుల బేరం చేసే సాయిబు తాత ఉండేవాడు. దూడను చూసి అది ఎలాంటి ఎద్దవుతుందో చెప్పగల మనిషి. ఎంతో ఆశగా ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. నోరు తెరిచి చూశాడు, పాదాలు ఒత్తి చూశాడు, కంటికీ ముక్కుకూ మధ్య వేలు పెట్టి కొలిచాడు. ఎద్దుకైతే సుడులు చూసి చెప్పేవాడినని, దీనికి తలంతా సుడులేనని, పాలపళ్ళు ఊడేదాకా ఆగమని అన్నాడు. ఆ మాత్రం నాకూ తెలుసని విసురుగా వచ్చేశాను.

ఇక మిగిలింది అవ్వే. మనుషుల ముక్కులు లాగే చేయి కుక్క ముక్కు లాగలేదా అని పట్టుబట్టాను. నవ్వింది, కసిరింది, నేను ఏడ్చేసరికి కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆ రోజు నుంచి వీధిలో బిడ్డలందరి స్నానాలూ అయ్యాక దీని వంతు. ముక్కు పట్టుకోగానే తుమ్మేది. రాసిన ఆముదమంతా నాకేసి ఇల్లు పాడుచేస్తే, అవ్వ నువ్వులనూనెకు మారింది. సాలెవీధిలో కుక్కకు లాల పోయడం ఎక్కడైనా ఉందా అని మామ తల కొట్టుకునేవాడు.

దొరసాని ఎండాకాలానికి చల్లటి కొండల మీదికి పోయి, వానలు పడ్డాక తిరిగొచ్చింది. ఈలోపల దీనికి పాలపళ్ళు ఊడాయి. ఒక చెవి లేచి నిలబడింది, రెండోది మడతపడే ఉండిపోయింది. నుదుటి మీద తల్లి ముడతలు ఉన్నాయి గానీ, కింద మూతి మాత్రం రెండు వేళ్ళంత సాగింది. అవ్వ గర్వానికి పట్టపగ్గాల్లేకుండా పోయాయి. కనబడిన వాళ్ళందరికీ తన వేళ్ళు చూపించింది.

బంగళా నుంచి కబురొస్తే, కుక్కపిల్లను గంపలో పెట్టుకుని ఇద్దరమూ పోయాము. దొరసాని వరండాలో కూర్చుని ఉంది. దాని ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, వంటాయనతో ఏదో అంది. ఇది ఊరకుక్క మూతేనని, మమ్మల్నే ఉంచుకోమంటోందని ఆయన చెప్పాడు. నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

అప్పుడు అవ్వ నోరు తెరిచింది.

"అట్ల కాదప్పా. ఆయమ్మకు చెప్పు. దీని ముక్కు నేనే లాగినా. లాగకపోయింటే తల్లి ముఖమే వచ్చిండేది. ఆమె సొత్తుకు ముఖం మార్చి ఉంచుకుంటే దొంగతనం గదా."

నేను అవ్వ చీర చెంగు పట్టి గుంజాను. వంటాయన కూడా నోరు మూసుకొమ్మని సైగ చేశాడు. అవ్వ వినలేదు. చేసేది లేక ఆయన చెప్పాడు. దొరసాని మొదట నవ్వింది. అవ్వ ముఖం చూశాక నవ్వు ఆపి, ఎందుకు లాగావని అడిగించింది. అవ్వ నా తల మీద చేయి వేసి, ఈ బిడ్డకు తల్లి లేదని, ఇది కూడా పోతే ఓర్చుకోలేదని చెప్పింది.

ముక్కు ఎవరో లాగితే రాదని, అది తండ్రినుంచి వచ్చిన మూతి అని కుక్కలు పెంచిన ఆ మనిషికి తెలియకుండా ఉంటుందా? నాకైతే పెద్దయ్యాకే తెలిసింది. ఆ ఒక్క మాట అంటే మాకు కుక్క దక్కేది, అవ్వకు మాత్రం బతుకంతా నమ్ముకున్న చేతి చలవ పోయేది. దొరసాని ఆ మాట అనలేదు. కుర్చీలోంచి లేచి వచ్చి, కుక్కపిల్లను నా చేతికి కాదు, అవ్వ చేతుల్లో పెట్టింది. ముఖం దిద్దినవాళ్ళదే బిడ్డ అంటోందని వంటాయన తెలుగులో చెప్పాడు. దొరల మీద నాకు తర్వాత ఎంత కోపం వచ్చినా, ఆమెను తలుచుకుంటే మాత్రం చేతులు జోడించాలనిపిస్తుంది.

తిరుగుదారిలో సగం దూరం వచ్చాము. దొరసాని తీసుకుంటానంటే ఇచ్చేసేదానివా అని అవ్వను అడిగాను. ఇచ్చేదాన్నే అంది. నాకు ఒళ్ళు మండింది. మా నాయన నందికొట్కూరు దగ్గర ఇంకో పెళ్ళి చేసుకుని, నన్ను వద్దనుకుని ఇక్కడ వదిలేశాడని అప్పటిదాకా నా నమ్మకం. ఇవ్వడానికి నీకు మనసెట్లా వస్తుందని అవ్వను నిలదీశాను. ఆమె నడక ఆపకుండానే జవాబు చెప్పింది.

"నీకు ఏడాది నిండినాక మీ నాయన వచ్చినాడు. నీది ఆయప్ప ముఖమే గదా, నీ బిడ్డను నువ్వే తీసుకుపో అని ఆయప్పతో అంటి. ఎత్తుకుని వాకిలి దాకా పోయినాడు. ఆయప్ప వచ్చిన కాడినుంచి నేను అన్నం తినడంల్యా అని అక్కడ ఎవరో చెప్పినారంట, మల్లా వచ్చి నిన్ను నా ఒళ్ళో పెట్టి, ఏడ్చుకుంట పోయినాడు."

నా ఏడుపు కనబడకుండా కుక్కపిల్ల గంపను నా నెత్తికెత్తుకుని, అవ్వకు ముందుగా నడిచాను.