తియ్యమంటే తీసిన కప్పు

పులుసులో వడియం పడడం మీరందరూ చూసే ఉంటారు. వడియాల మీదే పులుసు పడడం చూశారా? నేను చూశాను. చూడడమే కాదు, పోసినవాణ్ణి నేనే. గుమ్మడికాయ మా ఆవిడది, నీళ్ళు ఆకాశానివి, మధ్యలో మీట నొక్కిన వేలు నాది. ఆ వేలు ఇప్పటికీ నా చేతికే ఉందంటే అది మా ఆవిడ సహనం.

మాది శృంగవరపుకోట. స్టీలు సామాన్ల కొట్టు. మా ఊరి వాతావరణం సంగతి ముందు చెప్పాలి. పక్కనే అనంతగిరి కొండలు. అక్కడి మబ్బులకు పని తోచనప్పుడల్లా మా ఊళ్ళోకి దిగొస్తాయి. కొట్టు మెట్ల మీద నిలబడి, బేరానికొచ్చినాయనతో "ఎండలు మాడ్చేస్తున్నాయండీ" అంటామా, ఆ వాక్యం పూర్తయ్యేలోగా ఆయన గొడుగు విప్పుతాడు.

మా ఇంటి వెనక, వంటింటికీ ప్రహరీకీ మధ్య గచ్చు చేయించిన జాగా ఒకటుంది. అది మా ఆవిడ వరలక్ష్మి రాజ్యం. మిరపకాయలు, చింతపండు, అప్పడాలు, వడియాలు ఏవైనా అక్కడ ఎండాల్సిందే. సాయంత్రం నా టీ కూడా అక్కడే. మబ్బు కమ్మగానే ఆవిడ కొంగు బిగించి, మంచాలకు మంచాలు వసారాలోకి ఈడ్చేది. ఎండ రాగానే మళ్ళీ బయటికి ఈడ్చేది. నేనూ ఊరుకునేవాణ్ణి కాదు. నా టీ గ్లాసు నేనే లోపలికి తెచ్చుకునేవాణ్ణి. ఆ పని ఏనాడూ ఆవిడ చేత చేయించలేదు.

ఇలా ఉండగా కోటబొమ్మాళి నుంచి మా మరదలు నాగమణి ఫోన్ చేసింది. కూతురి పెళ్ళి కుదిరిందట, వైశాఖంలో.

"అక్కా, సారెలో గుమ్మడి వడియాలు నీ సేతివే ఉండాల. పెళ్ళివారితో సెప్పేసినాను. ఆళ్ళు నీ వడియాల కోసం సూస్తన్నారు."

"నాకొగ్గీ. ఎండ నాదైతే వడియం నీది," అంది మా ఆవిడ.

వాళ్ళ పుట్టింటివైపు వరలక్ష్మి వడియం అంటే మాటలు కాదు. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి, నూనెలో వేస్తే పువ్వులా విచ్చుతాయి. ఆవిడ ఇచ్చిన మాట గురించి విన్నాక నాలోని భర్త మేలుకున్నాడు. ఆయన మేలుకోవడం అరుదు. మేలుకున్నప్పుడల్లా ఇంట్లో ఏదో ఒకటి బద్దలవుతుంది.

"ఒసే, ఈసారి నువ్వు మంచాలు మొయ్యక్కర్నేదు. గచ్చుకి కప్పేయించేస్తాను," అన్నాను.

"కప్పేస్తే ఎండెలాగొస్తాదండీ?"

"ఎండొస్తే జరుగుతాది, వానొస్తే మూసుకుంటాది. మోటారు కప్పు!"

మా వీధిలోనే కిరాణా కొట్టు నడిపే మా బావ సూరిబాబు, మా ఆవిడకు అన్నగారు, అప్పుడే వచ్చి కూర్చున్నాడు.

"అంటే గొడుగేటి బావా?"

"గొడుగు కాదు బావా, కప్పు."

"ఎండొస్తే ముడుసుకుని, వానొస్తే ఇప్పుకునేదాన్ని మా కొట్లో గొడుగనే అమ్ముతాం. దానికి మోటారెట్టిస్తావేటి?" అని, కాస్త ఆగి, "నా మాటిను. ఒక టార్పాలిను కొను. రెండు తీగలు కట్టు. రింగులేసి తాడెట్టు. వానొస్తే ఇటు లాగు, ఎండొస్తే అటు లాగు. కరెంటుతో పన్నేదు," అన్నాడు.

స్టీలు కొట్టుకొచ్చి మట్టి మూకుడు అడిగినవాణ్ణి ఎలా చూస్తానో, బావను అలా చూశాను.

విశాఖపట్నం నుంచి కప్పుల కంపెనీ అబ్బాయి వచ్చాడు. చేతిలో బొమ్మల పుస్తకం, మెడలో టేపు, నోటినిండా ఓపిక. "మూడు రకాలున్నాయి సార్. గట్టి పలకలు ఒకదాని కిందకి ఒకటి జరిగేవి, కిటికీ రెక్కల్లా తిరిగేవి, గుడ్డ మడతపడేది. మీ ఊరికి కొండ వాన, ఈదురుగాలి ఉంటాయి కదా, పలకలైతే మంచిది," అన్నాడు.

నేను పుస్తకం తిరగేశాను. ఒక బొమ్మలో హార్మోనియం తిత్తిలా ముడుచుకునే చారల గుడ్డ కింద ఒకాయన కాలు మీద కాలేసుకుని కాఫీ తాగుతున్నాడు. ఆ ముఖంలో ఎంత ప్రశాంతత! దేశంలో ఏ భర్త ముఖంలోనూ అంత ప్రశాంతత నేను చూడలేదు. "ఇదే కావాలి," అన్నాను. ఆ బొమ్మ తీసిన ఊళ్ళో అసలు వాన పడుతుందా అని అడగలేదు. కప్పు కొనవలసినవాణ్ణి కాఫీ తాగేవాడి ముఖం కొన్నాను.

"గుడ్డయితే వాలు బాగా ఇవ్వాలి సార్. లేకపోతే నీళ్ళు నిలుస్తాయి."

"వాలొద్దు. మేడ మీది కిటికీలోంచి సూస్తే కొండ కనపడాల. సమంగా కట్టండి."

"పోనీ వాన చుక్క పడగానే దానంతటదే మూసుకునేట్టు సెన్సార్ పెట్టమంటారా?"

నేను ఎడమ మోకాలు తట్టి చూపించాను. "ఇదుండగా మరో సెన్సారెందుకు? వానకి ముందురోజే నొప్పెట్టి సెప్పీస్తాది."

అతను మోకాలి వంక గౌరవంగా చూసి, పుస్తకం మూసేశాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. కొనేవాడికి అమ్మేవాడు లోకువ అని ఆరోజు నిరూపించాను.

కప్పు వచ్చింది. కొబ్బరికాయ కొట్టాం. రిమోటు మీద ఒక బాణం పైకి, ఒకటి కిందికి చూస్తున్నాయి. అడ్డంగా జరిగే కప్పుకు నిలువు బాణాలేమిటి? ఒకదాని మీద 'వెయ్యి' అని, ఇంకోదాని మీద 'తియ్యి' అని చిన్న కాగితాలు అంటించాను. తలుపు వెయ్యి, తలుపు తియ్యి అన్నట్టు. తెలుగువాడి కప్పు తెలుగే వినాలి కదా! తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటారు. నేను పట్టిన రిమోటుకు రెండే మీటలు, రెండూ తేటతెల్లం. వీధిలో వాళ్ళందరినీ పిలిచి, నీలాకాశాన్ని ముయ్యడం, తెరవడం చేసి చూపించాను. దేవుడు చేసేదీ అదే కదా అనిపించింది. ఆ ఆలోచన రాగానే లెంపలేసుకోవలసింది. వేసుకోలేదు.

మంచి ఎండ చూసి మా ఆవిడ వడియాలు పెట్టింది. బూడిద గుమ్మడి ముక్కలు ఉప్పేసి, మూటగట్టి, బరువు కింద పిండి, మినప్పిండిలో కలిపి, మంచాల మీద తడి పంచెలు పరిచి, వరసలు వరసలుగా. గచ్చంతా మల్లెతోటలా ఉంది. రెండో రోజు పైన కాస్త గట్టిపడ్డాయి. మధ్యాహ్నం కొండవైపు నల్లబడింది. ముందురోజు నా మోకాలు కిమ్మనలేదు. ఆవిడకు అలవాటు చొప్పున చెయ్యి కొంగు మీదికి పోయింది.

"ఆగవే!" అన్నాను రాజసంగా. "ఎందుకు కొన్నాం మరి? నువ్వు ముట్టుకోకు."

"గాలి సూస్తే బయ్యంగా ఉన్నాదండీ. లోనెట్టేస్తాను."

"నా మీద నమ్మకం నేదా?"

ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసి, కొంగు వదిలేసి వంటింట్లోకి పోయింది. నమ్మింది. ఈ కథలో అన్నిటికంటే నన్ను బాధపెట్టే సంగతి అదే.

'వెయ్యి' నొక్కాను. కప్పు హుందాగా జరిగి మూసుకుంది. వాన మొదలైంది. ఒక్క చుక్క లోపల పడలేదు. కిరాణా కొట్టు నుంచి బావను పిలిపించి, కుర్చీ వేయించి, కాలు మీద కాలేసుకుని టీ తాగాను. నా ముఖంలో ప్రశాంతత వచ్చిందో లేదో బావనే అడిగాను.

"వచ్చినాది గానీ బావా, నీ కప్పుకి కడుపొచ్చినాదేటి?"

తలెత్తి చూశాను. వాలు లేని గుడ్డ మీద నీళ్ళు నిలిచి, కప్పు నడుమ చూడి గేదె పొట్టలా కిందికి దిగుతోంది. సరిగ్గా వడియాల మంచాల మీదికి. పొట్ట కాస్సేపు ఇటు, కాస్సేపు అటు ఊగుతోంది. నేను లేచి, రిమోటు చేతిలో పట్టుకుని, దాని కిందే నిలబడి ఆలోచించసాగాను. నా ఆలోచన ఎప్పుడూ అంతే, పనికి అడ్డంగా నిలబడి చేస్తాను.

వంటింటి గుమ్మంలోంచి మా ఆవిడ చూసింది. చూసి, కేక పెట్టింది.

"ఓలమ్మో! తీసీండి! బేగి తీసీండి!"

బావ కుర్చీలోంచి లేచి అందుకున్నాడు. "తియ్యి బావా, తియ్యి! సూస్తావేటి, తీసీ!"

ఇద్దరు మనుషులు, ఒకే మాట. నా చేతిలో అదే మాట రాసి ఉన్న మీట. మీరైతే ఏం చేస్తారు? మీరు మంచం పట్టుకుంటారు. నేను మీట నొక్కాను.

కప్పు హుందాగానే తెరుచుకుంది. అది పెద్దమనిషి కప్పు, తొందరపడదు. ముందు పొట్ట వంగింది. తర్వాత దిగింది. కడివెడు కాదు, గంగాళమంత కాదు, నూతికి నూతినే బోర్లించినట్టు నీళ్ళన్నీ వడియాల మీదికి, దారిలో నా మీదికి, వచ్చి పడ్డాయి. ఆ వెనకే తెరిచిన ఆకాశంలోంచి మిగతా వాన.

"ఏటి తీసినారు!"

"నువ్వే కదే తియ్యమన్నావు!"

"వడియాలు తియ్యమన్నాను! కప్పు తియ్యమన్నానా?"

"ఆ ముక్క ముందు సెప్పాల కదా!"

"వానొస్తంటే ఏటి తీస్తారో మనిషికి సెప్పాలా?"

"ఎయ్యి బావా! మళ్ళీ ఏసీ!" అని బావ అరిచాడు.

'వెయ్యి' నొక్కాను. కరెంటు పోయింది. మంత్రాలకు చింతకాయలు రాలవంటారు. మీటలకు మబ్బులు ఆగవని కూడా పెద్దలు చెప్పి ఉండాల్సింది. రిమోటు నొక్కుతూనే ఉన్నాను. కప్పు సగం ముడుచుకుని, 'ఇందులో నాకేం సంబంధం లేదు' అన్నట్టు వేలాడింది.

వాన వెలిశాక చూస్తే మంచాల మీద వడియాల్లేవు. పల్చటి తెల్లటి పిండినీళ్ళు, అందులో తేలే గుమ్మడి ముక్కలు. బావ ఒంగి చూశాడు.

"ఇంగువేసి పోపెట్టీ బావా. వీదంతటికీ పులుసు సరిపోతాది."

ఎవరూ నవ్వలేదు. మా ఆవిడ తడి పంచె కొస పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత మెల్లగా, నాతో కాదు, గచ్చుతో అన్నట్టు అంది: "నాగమణికి ఏటని సెప్పాల?"

ఆరోజు నాకు తెలిసింది, తప్పు కప్పుది కాదు. మా వైపు మబ్బు కమ్మితే ఆడవాళ్ళు పెట్టే కేక ఎప్పుడూ అదే. "తీసీ! తీసీ!" ఏమిటి తియ్యాలో ఎవరూ చెప్పరు. చెప్పక్కర్లేదు. ఆ కేక వినపడగానే పిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా మిరపకాయల మీదికో, ఆరేసిన బట్టల మీదికో పరుగెత్తుతారు. ఇన్నేళ్ళ కాపురంలో టీ గ్లాసు తప్ప మరొకటి తియ్యనివాడికే దాని అర్థం తెలియదు. మీటల మీద తెలుగు అంటించాను గానీ, మా ఇంటి తెలుగు నాకు రాలేదు.

పెళ్ళి దగ్గరపడింది. సంతకెళ్ళి గుమ్మడికాయలు నేనే మోసుకొచ్చాను. నేనే తరిగాను, నేనే పిండాను, పప్పు నేనే కడిగాను. మా ఆవిడ వడియాలు పెట్టింది, వేళ్ళు మాత్రం ఆవిడవే కావాలి కాబట్టి. కప్పును ముడిచి తాడేసి కట్టేశాను. కొండ మీద కాకి ఎగిరినా మబ్బేమోనని మంచం ఎత్తాను. మోటారు కప్పు పోయి, మోటారు మొగుడు మిగిలాడు. వడియాలు పువ్వుల్లా ఎండాయి. ఆవిడ మాట నిలబడింది. కానీ నాతో మాత్రం మాట్లాడలేదు. ఏం అడిగినా "ఊఁ". అన్నం పెట్టమంటే "ఊఁ", కోటబొమ్మాళి రైలెక్కుదామంటే "ఊఁ". ఆ "ఊఁ"ల మధ్య నాలో నేను ఒక నియమం పెట్టుకున్నాను: ఇకమీదట ఎవరు ఏది తియ్యమన్నా, ఏమిటి తియ్యాలో ముందు అడిగి తెలుసుకోవాలి.

పెళ్ళిలో పెదనాన్న హోదాలో నాకొక గౌరవం దక్కింది. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు వధూవరుల మధ్య పట్టే తెర ఒక కొస నాది, రెండో కొస బావది. బాజాలు మోగుతున్నాయి. ముహూర్తం వచ్చింది. ఇద్దరి తలల మీదా జీలకర్ర బెల్లం పడింది. పురోహితుడు నా వైపు తిరిగి, "ఊఁ, తీసీండి బాబూ!" అన్నాడు.

బావ తన కొస వదిలేశాడు. నేను నాది ఇంకా గట్టిగా పట్టుకున్నాను. నియమం నియమమే.

"ఏటి తియ్యాల పంతులుగారూ?"

"ఏటేటి?"

"తియ్యమన్నారు కదా. ఏటి తియ్యమన్నారో సెప్తే తీస్తాను."

"నా ప్రానం తీస్తన్నావు కదా, ఇంకేటి తీస్తావయ్యా! తెర! తెర తియ్యి నాయనా! పిల్ల పెళ్ళికొడుకు మొకం సూడొద్దా?"

బాజాలవాళ్ళు బూరలు ఆపేశారు. అప్పుడు ఆడవాళ్ళ వరసలోంచి ఒక నవ్వు పైకి లేచింది. గుమ్మడికాయ పగిలినట్టు, ఆపుకోలేని నవ్వు. మా ఆవిడది. చెల్లెలి భుజం మీద వాలిపోయి, కళ్ళు తుడుచుకుంటూ, "ఒగ్గీండి, ఒగ్గీండి! ఈ మనిసితో నేనేగలేను!" అంది. అన్ని "ఊఁ"ల తర్వాత నా గురించి పలికిన మొదటి మాట. నేను తెర వదిలేశాను. పెళ్ళికూతురు పెళ్ళికొడుకును చూసింది. నేను మా ఆవిడను చూశాను.

కనుక అగ్నిసాక్షిగా కాకపోయినా, అనంతగిరి మబ్బు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కాఫీ తాగేవాడి ముఖం చూసి ఏ కప్పూ కొనను. వాలు వద్దనను, మోకాలిని సాక్ష్యానికి పిలవను. కేక వినపడితే రెండు చేతులతో మంచం కోడు పట్టుకుంటాను, మీట మాత్రం ముట్టను. ఈ ప్రమాణం మా ఆవిడకు చదివి వినిపించి, సాక్షిగా ఉండమన్నాను.

"ముందీ మంచం అటు కొస ఎత్తండి," అంది. "సాచ్చెం సంగతి ఆనక సూద్దాం."