తమ్ముడి చేతిలో తుమ్మెద

ఆ టీవీ కట్టేసి, ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. గొంతు పెంచి చెప్పుకునే మాట కాదిది.

ముందే చెబుతున్నాను, నేను దయ్యాలను నమ్మే మనిషిని కాదు. శ్మశానం పక్క చేలో ఒక్కదాన్నే కంది కోసినదాన్ని. ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు కడుపుకు తిన్నారో లేదో కనుక్కోమంటాను. చదువు మూడో తరగతితో ఆగిపోయింది గానీ, చూసింది, విన్నది మాత్రం మరిచిపోను. అదే నా ఖర్మ.

మా తమ్ముడు వెంకటేశ్వర్లు మార్కాపురం పలకల గనుల్లో పనిచేసేవాడు. పెళ్లి కాలేదు. బేస్తవారిపేట దగ్గర మా పుట్టింట్లో అమ్మతోపాటు ఉండేవాడు. వాడికి రెండు కిడ్నీలూ చెడిపోయాయి. డయాలసిస్ తప్పదన్నారు. దానికోసం ఎడమ చేతిలో రెండు రక్తనాళాలను కలిపి కుట్టారు. దాన్ని ఫిస్టులా అంటారు. రక్తం అక్కడి నుంచే మిషన్‌లోకి వెళ్లి, శుభ్రపడి తిరిగి వస్తుంది.

డయాలసిస్ గదిలో రూతమ్మ సిస్టరు అని ఒకామె ఉండేది. గిద్దలూరు వైపు పల్లె పిల్ల. ఆమె నా మూడు వేళ్లు పట్టుకొని వాడి చేతి మీద పెట్టింది. లోపల గుయ్యిమని ఒకటే మోత. గుప్పిట్లో తుమ్మెదను పట్టుకున్నట్టుంది.

"ఇదే మీవోడి పానం పెద్దమ్మా. పొద్దున లేస్తానే ఇట్ల పట్టి చూడండి. ఈ చేతికి బీపీ చూడనీయబాకండి, సూది పొడవనీయబాకండి. బరువు మొయ్యకూడదు, దీని మీద పడుకోకూడదు. వాచీ కట్టకూడదు. మోత ఆగిందా, రేపు చూద్దాంలే అనుకోబాకండి, అప్పటికప్పుడు తీసుకొచ్చేయండి."

"ఇంత మోత పెట్టినావు, రెండు పాటలు కూడా ఎక్కించు సిస్టరమ్మా" అన్నాడు మా వాడు. గదిలో పడుకున్న రోగులంతా నవ్వారు.

కొన్నాళ్లు నేనే దగ్గరుండి చూసుకున్నాను. రోజూ పొద్దున్నే మూడు వేళ్లతో ఆ తుమ్మెదను పలకరించేదాన్ని. తర్వాత యర్రగొండపాలెంలో మా ఇంటికి వచ్చేశాను.

ఒకరోజు మధ్యాహ్నం పొయ్యి ముందు కూర్చొని జొన్నరొట్టెలు తడుతున్నాను. ఉన్నట్టుండి నా వేళ్లలో ఆ మోత మొదలైంది. సరిగ్గా ఆ మూడు వేళ్లలోనే. తిమ్మిరేమో అనుకొని చెయ్యి విదిలించాను. పోలేదు. బోరు మోటారు వేశారేమోనని చూశాను. కరెంటే లేదు. ఫోను అవతలి గదిలో ఉంది. మా కోడలు వచ్చి నా చెయ్యి పట్టుకుంది గానీ, తనకేమీ తెలియలేదంది.

ఇంతలో మోత ఆగిపోయింది. నెమ్మదిగా తగ్గడం కాదు, టక్కున ఆగింది. నిప్పుల ముందు కూర్చున్నా ఆ మూడు వేళ్లు చల్లబడ్డాయి.

పిండి చేతులతోనే ఫోను చేశాను. తమ్ముడే ఎత్తాడు, నిద్రగొంతుతో.

"నా వేళ్లలో నీ చేతి మోత వచ్చి ఆగిపోయింది. చెయ్యి పట్టి చూసుకున్నావారా?"

"పొద్దున చూసినా గదక్కా, బాగానే కొట్టుకుంటా ఉండె. నీ ఫోను వైబ్రేషన్లో పెట్టుకొని నా చేతి మీద పడతావేంది?"

అమ్మ ఫోను లాక్కుంది. "పిల్లోడికి ఇప్పుడే కునుకు పట్టింది, ఊరికే భయపెట్టబాకు. దర్గా కాడ తాయెత్తు తెచ్చి గట్టిగా కట్టినా. ఇంక భయం లేదులే."

"ఏ చేతికి కట్టినావమ్మా?"

"జబ్బు చేతికే. మంచి చేతికెందుకు?"

"సిస్టరు కట్టొద్దని చెప్పలా?"

"ఆమె వాచీ వద్దనింది. తాయెత్తు వద్దన్లేదు గదే!"

విప్పమని బతిమాలాను. "అమ్మ ఏడుస్తాదక్కా, సాయంత్రం విప్పుతాలే" అన్నాడు వాడు. నేను ఉన్నపళాన బస్సెక్కి, మార్కాపురంలో మారి, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాను. మోచేతి పైన, దండ దగ్గర తాయెత్తు నల్లదారం కండలోకి దిగబడి ఉంది. దాన్ని కోసేసి వేళ్లు పెట్టాను. లోపల ఏమీ లేదు.

ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. రూతమ్మ సిస్టరు స్టెత్ పెట్టి చాలాసేపు విన్నది. ఎప్పుడు ఆగిందని అడిగింది. అమ్మ, తమ్ముడు మొహామొహాలు చూసుకున్నారు.

"మధ్యాహ్నం, నేను రొట్టెలు తట్టేటప్పుడు" అన్నాను.

"నువ్వు మీ ఊర్లో ఉంటివి గదా పెద్దమ్మా?" అన్నది ఆమె.

ఒంగోలు తీసుకెళ్లాం. గడ్డకట్టిన రక్తం తీయాలని చూశారు, కుదరలేదు. కొత్తగా ఇంకో చేతికి కుట్టి, అది పనికొచ్చేదాకా మెడలో గొట్టం పెట్టారు. ఆ గొట్టం దగ్గర చీము పట్టింది, చలిజ్వరం వచ్చింది. రెండో చెయ్యి పనికొచ్చేదాకా మా వాడు ఆగలేదు.

తాయెత్తు వల్లేనా అని అమ్మ అడిగినప్పుడు, "రక్తం గడ్డకట్టడానికి శానా కారణాలుంటాయవ్వా" అని సిస్టరు అమ్మ చేతులు పట్టుకుంది. నాతో మాత్రం బయట వరండాలో అన్నది: "నేను తాయెత్తు పేరు పెట్టి చెప్పాల్సింది పెద్దమ్మా." ఇప్పుడు ఆమె కొత్తగా వచ్చిన ప్రతి ఇంటివాళ్లకీ వాచీ, గాజు, తాయెత్తు, దర్గా దారం అని ఒక్కొక్క పేరూ పలికి మరీ చెబుతుందట.

నా వేళ్లలో మళ్లీ ఎప్పుడూ ఆ మోత రాలేదు. ఆ రోజు ఎందుకు వచ్చిందో, ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. తెలిసినా ఏం లాభం, బస్సు చేరేసరికి అయిపోయింది.

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. ఒక్కోసారి రొట్టెలు తడుతుంటే వచ్చి పక్కన కూర్చుంటుంది. "అంత దూరాన ఉన్నదానివి, నీకు తెలిసె. వాడి తల నా ఒళ్లోనే ఉన్నింది గదే, నాకెందుకు తెలియలా?" అంటుంది.

నేను రొట్టె తిప్పుతాను.

సరే, పొద్దుపోయింది, లేవండి. మీ ఇంట్లో పెద్దాచిన్నా అందరి నరాల్లో ఆ తుమ్మెద మోత ఆగకుండా ఉండాలి. మీ వాళ్ల చెయ్యి మీరు ఎప్పుడు పట్టుకున్నా వెచ్చగా తగలాలి.