కిరాయి ఇల్లు, ఇద్దరు పిల్లలు

ఇబ్రహీంపట్నంలో మా పాత ఇంటి ఓనరు రిటైరైన మనిషి. కింది పోర్షన్‌లో భార్యతో ఉండేవాడు, పైన మేముండేవాళ్లం. నిశ్శబ్దం తన ఆస్తి అనీ, దాన్ని మేం దొంగిలిస్తున్నామనీ ఆయన నమ్మకం. పొద్దున లేచింది మొదలు ఆయన టీవీలో నలుగురు మనుషులు ఒకరి మీద ఒకరు అరుచుకుంటూనే ఉండేవాళ్లు. ఆ అరుపులు మా వంటింటి దాకా వినపడేవి. అది చప్పుడు కాదట, వార్తలట. నాలుగేళ్ల మా బాబు మంచం మీది నుంచి దూకితే మాత్రం అది చప్పుడు.

మావాళ్లిద్దరూ ఒక చోట కూర్చునే రకం కాదు. పాపకు ఆరేళ్లు. కుర్చీలన్నీ వరసగా పెట్టి బస్సు కడుతుంది. తమ్ముణ్ణి డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, చేతికి స్టీలు పళ్లెం ఇచ్చి, తను వెనక నిలబడి "ఇబ్రహీంపట్నం, ఇబ్రహీంపట్నం, ఎక్కుండ్రి ఎక్కుండ్రి" అని కేకలు పెడుతుంది. బస్సు ఆగిన ప్రతిసారీ ఇద్దరూ దిగి, గదంతా ఒక చుట్టు ఉరికి, మళ్లీ ఎక్కాలి. అది వాళ్ల ఆటలో నియమం.

ఒకరోజు ఓనరు చీపురుకట్ట తిరగేసి కింది నుంచి స్లాబును టకటకా కొట్టాడు. పిల్లలు ఆగిపోయి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత పాప గరిటె తెచ్చి నేల మీద టకటకా కొట్టింది. కింది నుంచి మళ్లీ గట్టిగా కొట్టాడు. పైనుంచి వీళ్లు ఇంకా గట్టిగా కొట్టారు. తాత తమతో ఆడుతున్నాడనుకున్నారు పాపం. పెద్దమనిషి ఎన్నడూ ఆడినట్టు లేదు, ఇవాళైనా ఆడుతున్నాడని బాబు సంబరపడి గంతులేశాడు.

కాసేపటికి ఆయన మెట్లెక్కి వచ్చాడు. చేతిలో చీపురు అట్లాగే ఉంది.

"ఏందమ్మా గిది? ఇల్లా, అంగడా? మాకు బీపీలున్నయి, షుగర్లున్నయి. పిల్లల్ని జర కూసోబెట్టరాదు?"

"ఆడుకునే పిల్లలు సార్. కట్టేస్తమా?" అన్నాను.

"మా పిల్లల్ని కూడ పెంచినం. గిట్ల పెంచలే. నెలాఖరుకు ఖాళీ చెయ్యిరి."

ఆయన పెంచిన పిల్లలు పండగలకు కూడా ఆ గడప తొక్కడం నేను చూడలేదు. ఆ మాట నా నాలుక చివర దాకా వచ్చింది. ఈలోగా మా ఆయన లోపలి నుంచి వచ్చి, చేతులు నలుపుకుంటూ "సరే సార్, చూసుకుంటం సార్" అన్నాడు. ఆదిభట్లలో విమానాల భాగాలు బిగించే కంపెనీలో పని ఆయనది. అంతంత పెద్ద యంత్రాలకు బెదరని మనిషి, చీపురు పట్టుకున్న ఓనరు ముందు మెత్తబడిపోయాడు. ఆ రోజు నాకు ఓనరు మీద కన్నా మా ఆయన మీదే ఎక్కువ చిరాకు పుట్టింది.

సెలవు రోజుల్లో నలుగురం బండి మీద ఇళ్లు వెతకడానికి బయలుదేరేవాళ్లం. టూలెట్ బోర్డులకు లోటు లేదు. బోర్డు వెనక ఉన్న మనుషులతోనే తంటా. తుర్కయాంజాల్‌లో ఒకామె గేటు సగమే తెరిచి, ముందు మా చెప్పులు చూసింది, తర్వాత పిల్లల్ని చూసింది. కారుతున్న బిందెను నట్టింట్లో పెడతానంటే ఎట్లా చూస్తారో అట్లా చూసింది.

"ఇద్దరా? మా టైల్స్ కొత్తయి," అంది.

బాబు అప్పటికే కాలింగ్ బెల్ కనిపెట్టాడు. నొక్కితే పిట్ట కూస్తుంది. వాడు నొక్కుతూనే ఉన్నాడు, పిట్ట కూస్తూనే ఉంది. పాప గేటు సందులోంచి తల దూర్చి ఆమెను అడిగింది: "మీ ఇంట్ల పిల్లలు లేరా ఆంటీ?"

"ఉన్నరు. హాస్టల్ల ఉన్నరు."

"ఎందుకు?"

"మేం బ్యాచిలర్లకు ఇద్దమనుకుంటున్నం" అని గేటు వేసేసింది. టైల్స్‌ను ఇంట్లో పెట్టుకుని పిల్లల్ని బయటికి పంపిన ఇల్లది. మాకు దొరకనందుకు నాకేం బాధ కలగలేదు.

మీర్‌పేట్‌లో మా ఆడబిడ్డ ఉంటుంది. సంగతి విని ఆమె ఒక ఉపాయం చెప్పింది. "పిల్లల్ని చూపియ్యకుండ్రి. ఒక్క పాపనే అని చెప్పుండ్రి. సామాను దింపినంక మెల్లగ పిలగాణ్ణి తెచ్చుకోరి. అప్పుడు ఏమంటరు?"

"ఏందక్కా, వాడేమన్న దొంగ సామానా, దాచి తెచ్చుకునేతందుకు?" అన్నాను.

ఆమె మూతి ముడిచింది. మా ఆయన మాత్రం ఆలోచనలో పడ్డాడు. నిజంగా ఆలోచించాడు! కొడుకును కొన్నాళ్లు లేడనమంటే, కుదరదనడానికి ఆ మనిషికి అంత యోచన ఎందుకు కావాల్సి వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. చివరికి బాబును దాచే పని మానుకుని, ఇంకో పని పెట్టుకున్నాడు. ఇద్దరికీ కూర్చోవడం నేర్పిస్తానన్నాడు. రోజూ డ్యూటీ నుంచి రాగానే ఇద్దర్నీ గోడకు ఆనించి కూర్చోబెట్టి, చేతులు కట్టించి, నోట్లో చాక్లెట్ పెట్టేవాడు. అది కరిగే దాకా కదలకూడదు, మాట్లాడకూడదు. పిల్లలు దాన్ని కూడా ఆటే అనుకున్నారు. వాళ్లకు మనుషుల మీద అంత నమ్మకం.

తర్వాత చూసిన ఇల్లు మీర్‌పేట్‌లోనే, మా ఆడబిడ్డ వెతికి పెట్టింది. ఓనరు తెల్ల లాల్చీ వేసుకుని, వాకిలి నిండా పూలకుండీలు పెట్టుకున్న మనిషి. పిల్లలిద్దరూ సోఫా అంచున చేతులు కట్టుకుని, చాక్లెట్లు చప్పరిస్తూ కూర్చున్నారు. కాళ్లు కూడా ఊపలేదు.

"ఎంత బుద్ధిమంతులో! ఈ కాలంల గిట్లాంటి పిల్లలు యాడున్నరు?" అన్నాడాయన.

మా ఆయన మొహం వెలిగిపోయింది. నాకు మాత్రం షాపు అద్దాల వెనక బట్టలేసి నిలబెట్టే బొమ్మల్లా కనిపించారు నా పిల్లలు. ఆయన షరతులు మొదలుపెట్టాడు. చుట్టాలు ఎక్కువ రావద్దు. మెట్ల మీద ఉరకొద్దు. డాబా మీదికి పిల్లలు పోవద్దు. గోడకు మేకు కొట్టొద్దు. చేపలు వండితే కిటికీలు మూసుకోవాలి. మా నాన్న చెరువులో వల వేసి మమ్మల్ని పెంచిన మనిషి. చేపల వాసన రాని ఇల్లు నేను పెళ్లయ్యాకే చూశాను. మా ఆయన ప్రతి షరతుకూ తల ఊపుతూనే ఉన్నాడు.

అంతలో పాప నోరు తెరిచి చూపించింది. "డాడీ, చాక్లెట్ అయిపోయింది. ఇగ ఉరుకొచ్చునా?"

ఎవరూ జవాబు చెప్పకముందే లేచి ఉరికింది. దాని వెనక వాడు. వాకిట్లో కుండీల మధ్య నుంచి ఒక చుట్టు, రెండో చుట్టులో బాబు మలుపు తిరగలేక గులాబీ కుండీ మీద పడ్డాడు. కుండీ రెండు ముక్కలైంది. వాడు మట్టిలోంచి లేచి, మోచెయ్యి చూసుకుని, "రక్తం రాలే!" అని గర్వంగా ప్రకటించాడు.

ఓనరు వాడి వైపు చూడనేలేదు. తిన్నగా పోయి గులాబీ చెట్టును లేపాడు.

నాకు నవ్వాగలేదు. గట్టిగానే నవ్వాను. "నడువుండ్రి బిడ్డా, ఇంటికి పోదాం" అని ఇద్దర్నీ చెరో చెయ్యి పట్టుకుని గేటు దాటాను. మా ఆయన ఇంటికి రాగానే అన్నాడు.

"నవ్వుతవేంది? పరువు తీసిర్రు నీ పిల్లలు."

"నా పిల్లలా? కుండీ పగిలినప్పుడు నా పిల్లలు, చేతులు కట్టుకున్నప్పుడు నీ పిల్లలా? పిలగాడు పడితే దెబ్బ తాకిందా అని అడగని ఇంట్ల నువ్వుంటవా? నేనుండ."

ఆయన లేచి బాబు మోచెయ్యి కడిగి పసుపు పెట్టాడు. ఆ రోజుకు అది చాలనుకున్నాను.

ఇల్లు చివరికి నాకు జొన్నపిండి కోసం పోతే దొరికింది. ఇబ్రహీంపట్నంలోనే, మార్కెట్ వెనక సందులో పిండి పట్టే గిర్ని ఒకటి ఉంది. నడిపేది ఒక పెద్దామె. జుట్టు, కనుబొమ్మలు, రవిక అన్నీ పిండి రంగే. పైన టూలెట్ బోర్డు ఉంది. చప్పుడుకు ఎవరూ నిలవరని పిండికి వచ్చినవాళ్లు చెప్పారు. నేను గిర్ని చప్పుడు మీదుగా అరిచాను.

"పెద్దమ్మా! పైన ఇల్లు కిరాయికిస్తవా?"

"ఎంతమంది?"

"మేమిద్దరం! పిల్లలిద్దరు! మస్తు లొల్లి చేస్తరు!"

"ఏందీ?"

"లొల్లి! లొల్లి చేస్తరు!"

ఆమె చెవి మీద చెయ్యి పెట్టుకుని విని, పక్కనున్న పెట్టె మీద నా పిండి డబ్బా దబ్బున పెట్టింది. "చేస్తే చెయ్యనీ. నాకేమన్న ఇనవడ్తదా?"

మా ఆయన వచ్చి చూసి, "గీ ఇంట్ల మనుషులుంటరా?" అన్నాడు. మంచి టైల్స్ ఉన్న ఇళ్లలో ఎట్లాంటి మనుషులున్నారో చూసి వచ్చాం కదా అన్నాను. సామాను దించుకున్నాం.

అదేం స్వర్గం కాదు. ఉతికిన బట్టలు ఆరేస్తే మళ్లీ తెల్లగా పిండి పడుతుంది. మిరపకాయలు పట్టే రోజు ఇంటిల్లిపాదీ తుమ్ములే. పిల్లలు ఎవరు గట్టిగా తుమ్ముతారో పందెం వేసుకుంటారు. పెద్దామె కూడా మెత్తటి మనిషేం కాదు. పాప ఒకసారి తిరుగుతున్న గిర్ని బెల్టు దగ్గరికి పోతే జబ్బ పట్టి గుంజి, వీధంతా వినపడేలా తిట్టి పైకి పంపింది. నాకు కోపం రాలేదు. అది బిడ్డ చెయ్యి కోసం తిట్టిన తిట్టు, టైల్స్ కోసం కాదు.

మొన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. గిర్ని ఒక్కసారిగా ఆగిపోయింది. అంత నిశ్శబ్దం ఆ ఇంట్లో అదే మొదటిసారి. పిల్లలిద్దరూ బస్సు ఆట మధ్యలో కదలకుండా నిలబడిపోయారు. బాబు నా దగ్గరికి వచ్చి కొంగు పట్టుకుని, "అమ్మా, ఏమైంది?" అని గుసగుసగా అడిగాడు. వాడు గుసగుసలాడగలడని నాకు ఆ రోజే తెలిసింది.

"ఏంగాలే బిడ్డా. ఆడుకోపోండ్రి," అన్నాను.

వాడు ఒక్క క్షణం ఆలోచించి, పళ్లెం తిప్పుతూ హారన్ కొట్టాడు. పాప కేకలు అందుకుంది. కింద పెద్దామె గుమ్మంలోకి వచ్చి, పైకి చూసి, "ఏం పిల్లలమ్మా, చెవులు పగులుతున్నయి!" అని అరిచింది. కరెంటు లేనప్పుడు ఆమెకు బాగానే వినపడుతుంది.