సైలెన్స్ మేడమ్ పెంచిన గడువు

అక్క పోయాక ఇంటికి వచ్చినవాళ్ళలో చాలామందికి ఆమె అసలు పేరు తెలియదు. "సైలెన్స్ మేడమ్ ఇల్లు ఇదేనా అండీ?" అని గుమ్మంలో నిలబడి, గొంతు తగ్గించి అడిగారు. ఆ గొంతు తగ్గించడం అక్క నేర్పిందే. బడి లైబ్రరీని ఏళ్ళ తరబడి నడిపింది. ఆ గదిలో అందరికంటే పెద్ద గొంతు మాత్రం ఆమెదే. "సైలెన్స్!" అని ఒక్క కేక వేస్తే పక్క గదిలో తన పాఠం ఆగిపోతోందని లెక్కల టీచరు దెప్పేవారు.

సాయంత్రాలు అక్కను స్కూటర్ మీద ఇంటికి తీసుకురావడం నా పని. అక్క ఏనాడూ అనుకున్న వేళకి కదిలేది కాదు. అందుకని నేనూ ఆ లైబ్రరీలో ఓ మూల కూర్చుని చాలా చూశాను.

దర్జీ కూతుర్ని కనిపెట్టింది అక్కే. ఆరో తరగతి పిల్ల, సోడాబుడ్డి కళ్ళద్దాలు. రోజూ స్నేహితురాలి పక్కన కూర్చుని, ఆ పిల్ల పేజీ తిప్పితే తనూ తిప్పేది, ఆ పిల్ల నవ్వితే తనూ నవ్వేది. అందరూ పుస్తకాల పురుగు అనుకున్నారు.

"చూడవే," అని అక్క ఓ రోజు నా చెవిలో గొణిగింది. "వాళ్ళిద్దరి చేతుల్లో ఉన్నవి వేర్వేరు పుస్తకాలు. ఇద్దరికీ ఒకేసారి నవ్వెలా వస్తుంది?"

పక్కకు పిలిచి బుజ్జగిస్తే బయటపడింది. ముందు బెంచీలో కూర్చుంటే బోర్డు మీది పెద్ద అక్షరాలు కనిపిస్తాయట. పుస్తకంలోవన్నీ చీమల బారులే. నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

అప్పటినుంచి అక్క ఈ-బుక్కుల వెంట పడింది. ట్యాబులో అయితే అక్షరాన్ని వేళ్ళతో సాగదీసి చొక్కా గుండీ అంత చేసుకోవచ్చని ఎక్కడో చూసింది. దర్జీ కూతురి సంగతి చెప్పి హెడ్మాస్టరు ప్రాణాలు తోడేసింది. "మీరొస్తున్నారంటే నేను వెనక తలుపు వెతుక్కుంటున్నాను మేడమ్," అనేవారాయన. చివరికి ఒప్పుకుని ఒక మెలిక పెట్టారు. "ఈ టర్ములో పుస్తకాలు చేతులు మారుతున్నట్టు నాకు కనపడాలి. లేదంటే ట్యాబులన్నీ పరీక్షల ప్రాక్టీసుకి పట్టుకెళ్తాను."

ట్యాబులు రాగానే అక్క వాటికి ఖాకీ అట్టలు వేసింది. అట్ట వేయకుండా ఏ పుస్తకాన్నీ అలమరలో పెట్టడం ఆమె వల్ల కాదు. ఛార్జింగు పెట్టే రంధ్రం కూడా మూసుకుపోయింది. కంప్యూటర్ సారు వచ్చి పడీ పడీ నవ్వారు.

"అన్నం తినే నోరు కూడా కుట్టేశారు కదా మేడమ్!"

"నవ్వింది చాలు గానీ, ఆ కత్తెర ఇటివ్వండి."

ఆమె చేసిన రెండో పొరపాటుకి ఎవరూ నవ్వలేదు. కాగితం పుస్తకంలాగే ఒక్కో ఈ-బుక్కునూ ఒకసారికి ఒక్కరికే ఇవ్వగలం. గడువు తీరగానే అది ట్యాబులోంచి తనంతట తనే మాయమై, వరసలో ఉన్న తర్వాతివాళ్ళకి వెళ్ళిపోతుంది. ఆ గడువు పెట్టవలసింది అక్కే. హెడ్మాస్టరుకి చేతులు మారుతున్నట్టు కనపడాలిగా! వారం పెట్టింది. పుస్తకాలు బొంగరాల్లా తిరిగాయి. ఆయన ముఖం వెలిగిపోయింది.

దర్జీ కూతురు మాత్రం తెర మీద నాలుగే వరసలు పట్టేంత పెద్ద అక్షరాలతో, నెమ్మదిగా, పెదాలు కదుపుతూ చదువుకుంటోంది. సముద్రంలో దారి తప్పిన పడవ కథ. పడవకు చిల్లు పడింది. సరిగ్గా అక్కడ పుస్తకం మాయమైంది.

తనే ఏదో నొక్కి పాడుచేశాననుకుంది పిల్ల. ట్యాబు బల్ల మీద పెట్టి మాట్లాడకుండా వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

కాగితం పుస్తకాలకి అక్క దగ్గర ఒక పద్ధతి ఉండేది. నిదానంగా చదివే పిల్లలు గడువుకి పుస్తకం తెస్తే, అడక్కుండానే కొత్త తేదీ ముద్ర కొట్టి తిరిగి చేతిలో పెట్టేది. ఈ యంత్రానికి అలాంటి మొహమాటాలు లేవు. ఆ పిల్ల వదిలేసిన ట్యాబు తెరిచి సంగతి గ్రహించిన సాయంత్రం, స్కూటర్ మీద దారంతా అక్క తనని తనే తిట్టుకుంది. "నేనే లాక్కున్నానే. చదువుకునే పిల్ల చేతిలోంచి నేనే లాక్కున్నాను."

మర్నాడు గడువును టర్ము చివరిదాకా పెంచేసింది. పడవ కథ ఇప్పుడు ఎవరి దగ్గరుందో చూసింది. వాలీబాల్ కెప్టెన్ దగ్గర. అదే కథ కాగితం పుస్తకాన్ని అలమరలోంచి తీసుకుని, నన్ను వెంటేసుకుని ఆటస్థలానికే వెళ్ళింది.

"ఇది తీసుకో తల్లీ, అది వదిలెయ్."

"ఇది బరువు మేడమ్."

"రోజూ నెట్టు మోస్తావు, ఇది బరువొచ్చిందా? నీకు రెండూ కనపడతాయి. ఇంకొకళ్ళకి అదొక్కటే కనపడుతుంది."

ఆ అమ్మాయి బంతి చంకలో పెట్టుకుని పుస్తకం అందుకుంది. "సరే మేడమ్. నేను ఏ పేజీలో ఉన్నానో మీరే వెతికిపెట్టాలి మరి."

అక్కడినుంచి దర్జీ దుకాణానికి. పిల్ల కుట్టుమిషను వెనక కూర్చుని గుండీలు ఏరుతోంది. అక్కని చూడగానే లేచి, "నేనేం చెయ్యలేదు మేడమ్!" అంది.

"నువ్వు కాదమ్మా, నేను చేశాను. పడవ ఇంకా మునగలేదు. వచ్చి చూసుకో."

గడువు పెరిగాక పుస్తకాలు చేతులు మారడం తగ్గింది. టర్ము చివర్లో హెడ్మాస్టరు లైబ్రరీకే వచ్చారు.

"ముందే చెప్పాను కదా మేడమ్. రేపు ట్యాబులు పంపించెయ్యండి."

"పంపను సార్."

"అదేం మాట?"

"చదువుతున్న పిల్ల చేతిలోంచి ఒకసారి లాక్కున్నాను. మళ్ళీ నా వల్ల కాదు. కావాలంటే మీరే లాక్కోండి. అరుగో పిల్లలు, ఎదురుగానే కూర్చున్నారు."

ఆయన ఏదో అనబోయారు. ఇంతలో కిటికీ దగ్గర కిసుక్కుమని నవ్వు. దర్జీ కూతురు. పక్కనున్న స్నేహితురాలు ఉలిక్కిపడి తల ఎత్తింది.

"ఏంటే? ఏమైందే?"

"చెప్పను పో. నువ్వే చదువుకో."

ఈసారి గదంతా వినపడేలా నవ్వింది. కేక పడుతుందని పిల్లలందరూ అక్క వంక చూశారు. నేనూ చూశాను. అక్క నోరు తెరిచింది, మళ్ళీ మూసేసింది.

"ఆ పిల్లేనా?" అన్నారు హెడ్మాస్టరు.

"ఆ పిల్లే సార్."

ఆయన కిటికీ వైపు మరోసారి చూశారు. "సరే, వచ్చే టర్ము కూడా ఉంచి చూద్దాం."

"ఆ ముక్కేదో రాసి సంతకం పెట్టండి సార్," అంటూ అక్క కలం మూత తీసి ఆయన చేతికిచ్చింది.