గొంతు లేని పిలుపు

“ఎంత పిలిచినా బాతులు రాలేదు నాయనా. తలెత్తి చూసి మళ్లా మేస్తుండాయి.”

“గొంతు కలపబాక పాపా. గాలి ఒక్కటే వదులు.”

మా నాయనకూ నాకూ మధ్య నడిచిన చివరి మాటలు ఇవే. తెల్లారేసరికి ఆయన గొంతు పోయింది. అరవైల్లో మాట, నాకప్పుడు పదకొండేళ్లు. చదువు సంతకం వరకే వచ్చినదాన్ని, మనవరాలు సునీత రాస్తుంటే చెబుతున్నాను. రొయ్యల గుంటల నుంచి కుళ్లిన మేత వాసన కిటికీలోకి కొట్టినప్పుడల్లా, అదే నేలలో కోసిన మొలకొలుకుల వరి మళ్లూ, తడిసిన గడ్డి వాసనా గుర్తొస్తాయి, బురదకాళ్లతో నిలబడిన నాయన కళ్లకు కడతాడు.

అల్లూరు చుట్టుపక్కల కోతలు ముగిసిన మళ్లలో మేం బాతులు మేపేవాళ్లం. రాలిన గింజలూ నత్తలూ ఏరుకుతింటూ అవి మడి నుంచి మడికి పోతుంటే, వెదురు తడికలూ చద్దికుండా మోసుకుంటూ మేమూ వాటి వెనకే పోయేవాళ్లం. పొద్దున్నే గడ్డిలో చెయ్యిపెడితే వెచ్చగా తగిలే గుడ్లు అమ్మకానికే. క్రిస్మస్ నాడు మాత్రం ఒక్కపూట వాటితో పులుసు. సాయంత్రం మందను పిలవడానికి నాయనకు ఒక సద్దు ఉండేది. ‘ల’ అనబోయినట్టు నాలుక కొనను పైపళ్ల వెనక గట్టిగా ఆనించి, ఏమీ అనకుండా, ఊపిరిని నాలుకకు రెండు పక్కల నుంచీ తోసేవాడు. కాలిన పెనం మీద నీళ్లు చల్లినట్టు ఉండేది. ఎవరి అరుపులూ పట్టించుకోని బాతులు ఆ గాలి వినబడితే వరసకట్టి వచ్చేవి. నేను చేస్తే గొంతు కలిసిపోయేది.

నెల్లూరు ఆస్పత్రిలో, గొంతులో పుండు ముదిరిపోయిందన్నారు. గుసగుసగా చెప్పబోయినా నాయనకు దగ్గు ముంచుకొచ్చేది గానీ, ఆ సద్దుకు గొంతుతో పనిలేదు. మంచం మీద పడుకునే, నా గడ్డం పట్టుకుని అదే నేర్పేవాడు. ఒకరోజు మందు తెచ్చిన సీమ దొరసాని నర్సమ్మ విని ఆగిపోయింది.

“ఇది మా అమ్మ ఊరి సద్దు,” అంది వచ్చీరాని తెలుగులో. “అక్కడ మనుషుల మాటల్లో ఉంది. ఊళ్ల పేర్లలో ఉంది.”

“మనుషుల్ని బాతుల మాదిరి పిలస్తారా అమ్మా?” అన్నాను.

ఆమె నవ్వి, నాలుక ఆనించి ఒక్కసారి గాలి వదిలింది. అచ్చం నాయనదే. ఆయన కళ్లు వెలిగాయి. నా వైపు ఆయన ఎన్నడూ అట్లా చూడలేదు.

“నువ్వు చెయ్,” అంది ఆమె. చేశాను. గొంతు కలిసింది. నాయన గోడవైపు తిరిగాడు.

ఇంటికొచ్చాక నెలరోజులు గట్టు మీద కూర్చుని ఆయనే పిలిచాడు. లేవలేని రోజు ఒక్కదాన్నే పోయాను. నా కేకకు మంద తలెత్తి చూసి, అవతలి మడిలో వేరేవాళ్ల మందలో కలిసిపోయింది. సగం కూడా వెనక్కి తేలేకపోయాను. గుడిసెలో మంచం మీదున్న నాయన, తడికల దొడ్డిలోకి పోయే బాతుల పాదాల చప్పుడు చివరిదాకా విన్నాడు. నన్ను చూడలేదు. మూడోనాడు పోయాడు. మిగిలిన బాతుల్ని అమ్మేశాం.

మరుసటేడు బావి దగ్గర నీళ్లు తోడుతుంటే, అనుకోకుండా నా నోట్లోంచి గొంతు కలవని ఆ సద్దు వచ్చింది. పిలవడానికి ఏవీ లేవు. పెళ్లయ్యాక పెరట్లో ఒకసారి చేస్తే మా ఆయన చెంబు వదిలేసి ఎగిరి దూకాడు, “పామనుకుంటినే, నీ తస్సాదియ్యా!” అంటూ. ఆయనా పోయాడు. భయపడటానికి కూడా ఎవరూ లేరు.

ఇప్పుడు పక్కపళ్లు ఊడిపోయాయి. నాలుక ఆనిస్తే ఊపిరి ఎటుపడితే అటు జారిపోతుంది, సద్దు నిలవదు. మళ్లు లేవు, మందలు లేవు; గుంటల్లో నీళ్లు చిలికే మోటార్ల రొద ఒక్కటే. ఆ నర్సమ్మ తల్లి ఊళ్లో ఎవరో ఒకరు ఇంకా ఆ సద్దుతో ఊరి పేరు చెప్పుకుంటూ ఉంటారు. ఇక్కడ నాతో సరి.

సునీతా, మొదట్నుంచి చదువమ్మా, వింటాను. నాయన మందను పిలిచే చోట మాత్రం గొంతు కలపబాక.