పెదనాన్నగారి తుపాకీలో ఇరుక్కున్న తూటా

మా చిన్నప్పుడు... ఓ వారమంతా మా రెండిళ్ళలో ఎవరికీ కాలు నిలవలేదు. పెదనాన్నగారి తుపాకీలో తూటా ఇరుక్కుపోయింది మరి!

మాది ఐ.పోలవరం దగ్గర పల్లె. వరిచేలు ఒక్కొక్కటే రొయ్యల చెరువులవుతున్న రోజులవి. పెదనాన్నగారూ ఒకటి తవ్వించారు. రొయ్యల కోసం నీటికాకులు గుంపులుగా వచ్చి వాలేవి. తాతగారి నాటి లైసెన్సు తుపాకీ ఉండేది, రెండు గొట్టాలది... ఆకాశంలోకి ఒక్కసారి పేలిస్తే మళ్ళీ సాయంత్రం దాకా ఒక్క పిట్ట కనపడేది కాదు.

ఆ రోజు ట్రిగ్గర్ నొక్కితే ‘టక్’మని ఊరుకుంది. తెరిచి చూద్దామంటే తుప్పుకి బిగుసుకుపోయింది. తూటా లోపలే ఉండిపోయింది.

పెదనాన్నగారు దాన్ని రెండు చేతుల మీదా మోసుకొచ్చి, పశువుల పాకలో గడ్డి మీద పెట్టారు. అమలాపురంలో తుపాకులు బాగుచేసే ఆచారిగారికి కబురు పంపితే, ఆయన మలికిపురంలో కూతురింట్లో ఉన్నారని తెలిసింది. సోమవారం గానీ రారట.

పెద్దమ్మ చేటలో బియ్యం పక్కన పెట్టేసింది.

“అది కడుపులో తూటా పెట్టుకుని కూర్చుంటే, నేను పొయ్యెలా వెలిగించనండీ? నిప్పురవ్వ ఎగిరి దాని మీద పడితే?”

“గడ్డి మీద ఉంది కదే!”

“గడ్డి అంటుకోదేంటండీ?”

మా అమ్మే కలగజేసుకుని, “మా ఇంట్లోనే వండుకుందాం రండి అక్కా, ఆయ్” అంది. అలా రెండిళ్ళ భోజనాలూ మా వసారాలోకి మారాయి. పనసపొట్టు కూర, ముక్కల పులుసు... ఎవరికీ సహించేది కాదు. గిన్నె కింద పడితే అందరం ఉలిక్కిపడేవాళ్ళం. ఒకసారి పిల్లి పాకలోకి దూరిందని, పెద్దమ్మ దూరం నుంచే “రావే తల్లీ, పాలు పోస్తాను రా” అని బతిమాలుతుంటే, నాకూ అన్నయ్యకూ నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

సోమవారం ఆచారిగారు వచ్చారు. సన్నగా, పొడుగ్గా ఉండే పెద్దాయన. పాక గుమ్మంలోనే ఆగి, తుపాకీ వంకా, దాని గొట్టాలు గురిపెట్టి ఉన్న తాటాకు దడి వంకా చూశారు.

“బాబుగారూ, ఈ దడవతల ఏముందండి?”

“మా తమ్ముడి వసారా అండి. ఇప్పుడు రెండిళ్ళవాళ్ళం భోజనాలు అక్కడే...”

పెదనాన్నగారు గబుక్కున గొట్టాల వైపు తిరిగి చూశారు.

ఆచారిగారు మమ్మల్నందరినీ వీధిలోకి పంపేసి, గొట్టాన్ని ఇసుకగుట్ట వైపు తిప్పి, కీలులో నూనె పోసి, చాలాసేపు కూర్చుని, చెక్కసుత్తితో మెల్లగా తట్టారు. తెరుచుకుంది. తూటా బయటికి తీసి చూపించారు.

“తూటాని కొట్టే సూది అరిగిపోయిందండి. సగం దెబ్బే పడింది. ఇంకా పేలే తూటాయేనండి ఇది.”

పెద్దమ్మ మమ్మల్నిద్దర్నీ గట్టిగా పట్టుకుంది. పెదనాన్నగారు మాత్రం మా వసారాలోకి వెళ్ళి, మేము కూర్చునే పీటల వంక చూస్తూ నిలబడిపోయారు.

ఆచారిగారి చేతిలో తుపాకీ బాగుపడింది. కొత్త సూదితో, నూనె మెరుపుతో ఇంటికొచ్చింది. మర్నాడు చెరువుగట్టు మీద పెదనాన్నగారు దాన్ని భుజానికెత్తారు... నీటికాకులు మునుగుతున్నాయి, తేలుతున్నాయి. ఆయన పేల్చలేదు. దించేశారు. ఖాళీ డబ్బా ఒకటి తీసుకుని, కర్రతో కొడుతూ గట్టు చుట్టూ తిరిగారు. ఎన్నికలప్పుడు తుపాకులున్న అందరిలాగే తనదీ పోలీస్ స్టేషన్లో అప్పగించి, మళ్ళీ తెచ్చుకోనేలేదు.

ఇప్పుడు చెరువుల మీద వలలు కట్టేస్తున్నారు. పిట్టల్ని అదిలించడానికి మనిషితో పనే లేదు. మా రెండిళ్ళవాళ్ళం ఒకచోట కూర్చుని తిని కూడా ఎన్నేళ్ళయిందో... భయపడైనా సరే, అందరం ఒక్కచోట చేరిన వారం అది.

మీ ఇళ్ళలోనూ అలాంటి మొండి వస్తువేదైనా ఉండేదా? ఉంటే, దాని సంగతి కాస్త చెప్పండి... వింటాను.