చైనా హీరోకు కోట గొంతు

కోట అనే ఊరి చుట్టుపక్కల రొయ్యల గుంటల మీద ఏరియేటరు ఆగిపోతే కబురు వెళ్లేది హెబ్రోనుకే. గుంటలో నీళ్లను చిలికి రొయ్యలకు గాలి అందించే ఆ యంత్రాన్ని ఆయన విప్పి, కడిగి, బిగించి మళ్లీ తిప్పిస్తాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా మోటార్ల మోతలో నిలబడి అరిచి అరిచి ఆయన గొంతు కంచులా తయారైంది. మైకు అక్కర్లేని గొంతు అని చర్చి సంఘంలో చెప్పుకుంటారు. ఇంట్లో మాత్రం భార్య జయశీల, "పక్కనే గదా ఉండాను, మెల్లిగా చెప్పండి" అంటుంది.

ఆ గొంతు ఆయనకు జీతం లేని రెండో కొలువు కూడా ఇప్పించింది. కోట సంఘంలో ఏటా జరిగే సభలకు తమిళనాడు నుంచి బోధకులు వస్తారు. బోధకుడు తమిళంలో ఒక వాక్యం చెప్పి ఆగుతాడు. పక్కన నిలబడ్డ హెబ్రోను దాన్ని తెలుగులో చెబుతాడు. బోధకుడు చెయ్యెత్తితే తానూ ఎత్తాలి, ఆయన ఏడిస్తే తానూ ఏడవాలి, ఆయన "నేను" అంటే తానూ "నేను" అనాలి. తమిళనాడు సరిహద్దున తడలో పుట్టి పెరిగినవాడు కాబట్టి తమిళానికి లోటు లేదు. ఇరవై మూడేళ్లలో హెబ్రోను ఎన్నిసార్లు తాగుడు మానాడో, ఎన్ని ఆసుపత్రుల్లో చావు తప్పించుకున్నాడో, ఎన్ని ఓడల్లోంచి సముద్రంలో పడి తేలాడో లెక్కలేదు. సొంతంగా మాత్రం ఆయన కాఫీకి మించి ఘాటైనది ఏదీ తాగి ఎరగడు.

జనం వచ్చేది బోధకుడి తమిళం కోసం కాదు, తన తెలుగు కోసమేనని ఆయన లోలోపల నమ్మేవాడు. బోధకుడు చప్పగా చెప్పినచోట తాను కాస్త ఉప్పు వేసేవాడు. ఆయన "దేవుడు మంచివాడు" అంటే, ఈయన "నా ప్రియులారా, దేవుడు ఎంతో, ఎంతెంతో మంచివాడు" అనేవాడు. జనం కళ్లొత్తుకునేవారు. ఆ కన్నీళ్లలో సగం తన ఖాతాలోవే అని హెబ్రోను ధీమా. ఇదంతా ఇప్పుడు ఆయనే తలకొట్టుకుని నవ్వుతూ చెబుతాడు కాబట్టి మనకు తెలిసింది.

జయశీల తమ్ముడు సుశీల్ కుమార్ చెన్నైలో ఒక రికార్డింగ్ స్టూడియోలో పనిచేస్తాడు. కిందటేడు సభలకు వచ్చి బావ గొంతు విన్నాడు. ఎనిమిది నెలల తర్వాత మళ్లీ వచ్చినప్పుడు, ఒక పొద్దున ఇడ్లీ తింటూ అసలు సంగతి బయటపెట్టాడు.

"బావా, మా కాడికి చైనా సినిమా ఒకటి తెలుగు చేసేదానికి వచ్చుండాది. మామూలు సినిమా కాదు. దాంట్లో హీరోకి నీయంత గొంతు కావాల."

హెబ్రోను ఇడ్లీ ముక్క చేతిలోనే పట్టుకుని కథ అంతా విన్నాడు. సముద్రం అడుగున చిల్లు పడుతుంది. నీళ్లన్నీ భూమి లోపలికి దిగిపోతుంటాయి. రేవుల్లో పెద్ద పెద్ద ఓడలు బురదలో కూర్చుంటాయి. కెప్టెన్ షెన్ అనే ఇంజనీరు ఊరంత మూత ఒకటి చేయించి ఆ చిల్లు పూడ్చడానికి సముద్రం అడుగుకు దిగుతాడు. ఈలోగా లోపలికి పోయిన నీళ్లు సలసల కాగి పైకి తన్నుకొస్తాయి, నగరాలు మునుగుతాయి. షెన్ వేషం వేసినాయన చైనాలో పెద్ద స్టారు, యాభై అయిదేళ్లకీ తాడు లేకుండా దూకుతాడట. జలాంతర్గామి నడిపే హీరోయిన్ అంతకుముందు పేరుమోసిన గాయని. మునిగిపోతున్న నగరాన్ని విడిచిపోనని కుర్చీలోనే కూర్చుండిపోయే మంత్రి వేషం డెబ్భై దాటిన ఒక పాత నటుడిది. ఆయన కనబడితే చైనాలో జనం లేచి నిలబడతారని సుశీల్ చెప్పాడు.

"గుంటకి గండి పడితే మూత పెట్టరు గదా, మట్టి గదా వేసేది" అన్నాడు హెబ్రోను. ఇన్నేళ్ల అనుభవం ఊరికే పోతుందా.

చెన్నైలో గొంతు పరీక్ష బ్రహ్మాండంగా జరిగింది. కాగితం మీదున్న పేజీ చదవమన్నారు, చదివాడు. డబ్బింగ్ చేయించే గణేష్ కళ్లు మూసుకుని విని, "ఇదే సార్ కెప్టెన్ గొంతు" అన్నాడు. పని పదిహేను రోజుల తర్వాత మొదలవుతుందని చెప్పి, హీరో పోస్టరు ఒకటి చేతికిచ్చాడు. నాయుడుపేట దాకా రైల్లో హెబ్రోను ఆ పోస్టరును ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాడు. నుదుటి పైన బట్టతల మొదలయ్యే తీరు ఇద్దరికీ ఒకటేనని సూళ్లూరుపేట దగ్గర తేలింది. నాయుడుపేట చేరేసరికి స్టారు కాస్తా "మావాడు" అయిపోయాడు.

ఆ ఆదివారం ఆరాధనలో, సాక్ష్యాలు చెప్పే సమయంలో, హెబ్రోను లేచాడు. దేవుడు తమకు చేసిన మేలును నలుగురి ముందూ ఉన్నదున్నట్టు చెప్పడాన్ని సాక్ష్యం అంటారు. అక్కడ నోరు జారితే అది గొప్పలు చెప్పుకోవడం కాదు, అబద్ధ సాక్ష్యం. ఆ తేడా పిల్లలకు నేర్పింది కూడా హెబ్రోనే. అయినా ఏం లాభం, గొంతు ఆగలేదు. "దేవుడు నన్ను చైనా మహానటుడికి గొంతుగా వాడుకున్నాడు. సినిమా మొదలుకొని చివరిదాకా మీరు వినేది నన్నే" అన్నాడు. అప్పటికి మైకు ముందు ఆయన చదివింది ఒక్క పేజీ. ఆడవాళ్ల వైపు కూర్చున్న జయశీల ముసుగు సర్దుకుని, తల నిటారుగా పెట్టుకుని కూర్చుంది.

సినిమాలు చూడకూడదని ఆ సంఘంలో కట్టడి. పాస్టరు రవి కుమార్ గారు కాసేపు గడ్డం రుద్దుకుని, "లోకాంతం గురించిన సినిమా గాబట్టి, మన అన్న గొంతు గాబట్టి, ఒక్కసారికి పోయిరావచ్చు" అన్నారు. ఆ సాయంత్రానికే నలభైమంది పేర్లిచ్చారు.

స్టూడియోలో అసలు పని మొదలైంది. ఎదురుగా తెర, చెవులకు హెడ్‌ఫోన్లు, ముందు మైకు. తెర మీద కెప్టెన్ షెన్ నోరు తెరిచాడు. హెబ్రోను చేతులు కట్టుకుని వినయంగా విన్నాడు. షెన్ నోరు మూశాడు. అప్పుడు హెబ్రోను అందుకున్నాడు.

గణేష్ ఆపాడు. "సార్, ఆయన నోరు తెరవంగానే మీరు మొదలుపెట్టాల."

"ఆయన ముగించకుండా నేనెట్టా మొదలుపెట్టేది?"

"ఆయన చెప్పేది మీకేమన్నా అర్థమవతా ఉందా?"

"లేదు."

"ఇంకెందుకు సార్ ఆగేది?"

"పెద్దమనిషి మాట్లాడతా ఉంటే మధ్యలో దూరతామా?" అన్నాడు హెబ్రోను. ఇరవై మూడేళ్ల అలవాటు అది. పక్కవాడి వాక్యం పూర్తయిందాకా ఆయన నాలుక కదలనంటే కదలదు. మళ్లీ చేశారు, మళ్లీ ఆగాడు. ఎలాగో ఒకసారి సమయానికి మొదలుపెట్టాడు గానీ, అక్కడ ఇంకో చిక్కొచ్చిపడింది. షెన్ చైనా భాషలో రెండక్షరాలు అని నోరు మూస్తే, హెబ్రోను "వెళ్లండి నా ప్రియులారా, ఈ క్షణమే వెళ్లండి" అని ఇంకా సాగదీస్తున్నాడు. తెర మీద షెన్ అప్పటికే నీళ్లలో దూకేశాడు. హీరో చెయ్యెత్తినచోట హెబ్రోను కూడా చెయ్యెత్తితే మైకు ఎగిరి కిందపడింది.

మూడో రోజు పొద్దున గణేష్ చాలా మర్యాదగా, రేడియోలో పనిచేసే పాతికేళ్ల కుర్రాడిని పిలిపించాడు. షెన్ గొంతు వాడికి వెళ్లిపోయింది. హెబ్రోనుకు నోరు కనపడని పనులు మిగిలాయి. మునిగే నగరంలో లౌడ్‌స్పీకరులో వచ్చే హెచ్చరిక ఒకటి, జనం గోలలో కలిసే అరుపులు కొన్ని, పడవలోంచి పడిపోయే జాలరి "అయ్యో" ఒకటి. ఆ "అయ్యో" మటుకు మొదటిసారికే బ్రహ్మాండంగా వచ్చింది. అది ఆయన మనసులో నుంచి వచ్చింది మరి.

ఇంటికొచ్చి నిజం చెప్పేద్దామనే అనుకున్నాడు. మొదటిరోజు జయశీలకు తలనొప్పి. రెండోరోజు గుంట మీద పని. మూడోరోజు ఆమె తన పుట్టింటివాళ్లందరికీ ఫోన్లు చేసి చెబుతుంటే విని, మధ్యలో ఆపడం బాగుండదనుకున్నాడు. అలా రెండు నెలలు గడిచి, సినిమా కోట థియేటరుకు వచ్చేసింది.

మ్యాట్నీకి సంఘమంతా రెండు వరుసల నిండా కూర్చుంది. డెబ్భై ఏళ్ల పేరమ్మకు అదే మొదటి సినిమా. ఆమె పట్టుబట్టి హెబ్రోను పక్కనే కూర్చుంది. ఆయనకు అటుపక్క జయశీల. దీపాలు ఆరాయి, సముద్రం వచ్చింది, కెప్టెన్ షెన్ వచ్చి నోరు తెరిచాడు. లేత గొంతు. నలభై తలలు ఒక్కసారిగా హెబ్రోను వైపు తిరిగాయి.

"ఏంది అబ్బయా, నీ గొంతు ఇట్టా పిల్లోడి గొంతు అయిపొయ్యింది?" అంది పేరమ్మ.

అప్పుడన్నా నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. "మిషన్‌లో పెట్టి లేతగా చేసినారమ్మా" అన్నాడు. పేరమ్మ నమ్మింది. ముందు వరుసవాళ్లూ నమ్మారు. హెబ్రోను ఏం చెప్పినా వాళ్లు నమ్ముతారు, అదే వచ్చిన తంటా.

గంటన్నర ఆ అబద్ధం నిలబడింది. తర్వాత నీళ్లు పైకి తన్నుకొచ్చాయి, నగరం మునగసాగింది, లౌడ్‌స్పీకరు మోగింది. "ప్రజలారా! ఎత్తైన స్థలాలకు రండి! ఆలస్యం చేయకండి!" థియేటరు గోడలు అదిరాయి. కంచు కంచులాగే ఉంది, ఏ మిషనూ దాన్ని ముట్టుకోలేదు. అలవాటు కొద్దీ ముగ్గురు నలుగురు "ఆమెన్" కూడా అన్నారు. ఆ తర్వాతే అందరికీ వెలిగింది.

"దీన్ని మిషన్‌లో పెట్టలేదా అబ్బయా?" అని పేరమ్మ అడిగింది. ఎకసెక్కంగా కాదు, తెలుసుకుందామనే అడిగింది. హెబ్రోనుకు కుర్చీ కిందికి దూరిపోవాలనిపించింది. జయశీల ఆయన వైపు చూడలేదు. తెర మీద ముసలి మంత్రి కుర్చీలో కూర్చుని మునిగిపోతుంటే కళ్లు తుడుచుకుంది. ఆ ఏడుపు మంత్రి కోసమో, తన మొగుడి కోసమో హెబ్రోనుకు తెలియలేదు, అడిగే ధైర్యమూ లేదు.

ఇంటికి నడిచి వస్తుండగా ఆమె నోరు విప్పింది. "నువ్వు హీరో కాకపోతే నాకేం తక్కువ కాలేదు. సాక్ష్యంలో చెప్పినావే, అది గదా నా బాధ. పది దినాల్లో సభలు. బోధకుడి పక్కన నిలబడి ఆయన ఇట్టా అన్నాడని నువ్వు చెప్తే, ఇంక ఎవరు నమ్మతారు?"

ఎప్పుడూ "మీరు" అనే మనిషి "నువ్వు" అంది. బోధకుడి పక్కన ఆ నిలబడే చోటు పోతే తన దగ్గర మిగిలేది స్పానర్ల సంచీ ఒక్కటేనని హెబ్రోనుకు అప్పుడు తెలిసొచ్చింది. అంతకంటే, ఆమె మళ్లీ "మీరు" అంటుందో లేదో అన్నది పెద్ద భయం.

ఆదివారం సాక్ష్యాల వేళ లేచి నిలబడ్డాడు. రాత్రంతా తయారు చేసుకున్న గంభీరమైన ప్రసంగం నోటికి రాలేదు. "నేను హీరో కాదు. ఆ పని నాకు చేతగాలేదు. లౌడ్‌స్పీకరు నేను, జనం గోల నేను, పడవలోంచి అయ్యో అని పడిపొయ్యినోడు నేను. సాక్ష్యంలో అబద్ధం చెప్పినాను, సినిమా హాల్లో పేరమ్మకు ఇంకోటి చెప్పినాను" అన్నాడు. అయ్యో దగ్గర కొందరు నవ్వారు. అక్కడితో కూర్చుని ఉంటే సరిపోయేది. కానీ కడుపులో ఉన్నదంతా కక్కేదాకా ఆగలేకపోయాడు. "బోధకులు చెప్పినదానికి కూడా ఇన్నేళ్లూ అక్కడక్కడా నా మాటలు కలిపినాను" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

పేరమ్మ లేచింది. "మరి నేను ఏడ్చిందంతా ఎవరి మాటకి అబ్బయా? ఆయన మాటకా, నీ మాటకా?"

హెబ్రోను అప్పుడు కూర్చున్నాడు.

పాస్టరు గారు ఇబ్బందిపడ్డారు. సభలకు ఇప్పటికిప్పుడు తమిళం వచ్చిన ఇంకో మగమనిషిని ఎక్కడని తెచ్చేది? పేరమ్మే తేల్చింది. "జయశీలమ్మది గుమ్మిడిపూండి గదా, అరవం బాగా వచ్చు. ఈయన్నే చెప్పనీండి. ఆమె తలూపితే నిజమనుకుంటాం."

సభల మొదటి సాయంత్రం బోధకుడు వచ్చాడు. రిటైరైన బడిపంతులు, నెమ్మదిగా మాట్లాడే మనిషి. మొదటి వాక్యం తమిళంలో చెప్పాడు. హెబ్రోను తెలుగులో చెప్పాడు. జనం హెబ్రోను వైపు గానీ, బోధకుడి వైపు గానీ చూడలేదు. తలలన్నీ ఆడవాళ్ల వైపు మూడో వరుసకు తిరిగాయి. జయశీల తలూపింది. అప్పుడు తలలన్నీ మళ్లీ ముందుకు తిరిగాయి. నాలుగో వాక్యం దగ్గర అలవాటు మీద హెబ్రోను నోట "నా ప్రియులారా" దొర్లింది. జయశీల తలూపలేదు. సభంతా ఆగింది. ఏమైందో తెలియక బోధకుడు ఆయన వైపు చూశాడు. "నా ప్రియులారా అన్నది నాది, ఆయనది కాదు" అని హెబ్రోను మైకులోనే ఒప్పుకున్నాడు. ఆమె తలూపింది.

అలా ఒక్కొక్క వాక్యం మోసుకుంటూ అరగంట నడిచింది. చొక్కా తడిసి ముద్దయింది. ఇన్నేళ్లలో ఒక బోధకుడు ఏం చెబుతున్నాడో ఆయన నిజంగా విన్నది ఆ రోజే. అంతలో బోధకుడు పుస్తకం మూసి, కళ్లజోడు తీసి, తన సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. రెండు చిన్న వాక్యాలు చెప్పి ఆగాడు.

హెబ్రోను జయశీల వైపు చూశాడు. జనం ఎదురుచూశారు. చివరికి మైకు కూడా సరిగా అందుకోలేనంత సన్నటి గొంతుతో, ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట తీసేయకుండా చెప్పాడు.

"నేను చెప్పిందల్లా నా భార్య నమ్మేది. అందుకే ఆమెకు అబద్ధం చెప్పడం నాకు తేలికైంది."

తలలన్నీ మూడో వరుసకు తిరిగాయి. జయశీల వెంటనే తలూపలేదు. పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆయన ముఖంలోకే చూసింది. తర్వాత మెల్లగా తలూపింది. అప్పుడు అందరూ ఆమెన్ అన్నారు.